డెబ్బై ఒకటికి హైదరాబాదు

మా చిట్టికి నాలుగో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కల్లో 34 మార్కులు వచ్చాయి. నూటికే సుమండీ. ఆ కాగితం మీద సంతకం పెడుతూ, కోపంతో కాదు, పిల్లకి కాస్త ఉత్సాహం పుట్టిద్దామన్న ఆశతో, "పెద్ద పరీక్షలో 75 తెచ్చుకో, హైదరాబాదు తీసుకువెడతాను" అనేశాను. అనటానికి నాకేం ఖర్చు? నాలుగు నెలల్లో 34 నుంచి 75కి పాకటం జరిగే పని కాదని నాలోని గుమాస్తా అప్పటికే లెక్క కట్టేశాడు.

ఆ మాట నేను మర్చిపోయాను. చిట్టి మర్చిపోలేదు.

ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో జరిగిన భాగహారాల యుద్ధం రాస్తే పత్రిక చాలదు. మా శ్రీమతి వంటింట్లో కూర తరుగుతూ గుణకారాలు అడిగేది. మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని, చింతగింజలు కుప్పలు పోసి భిన్నాలు చెప్పేది. ఆవిడ చదివింది ఐదో తరగతే గాని, అర్ధ పావులు, ముప్పాతికలు ఆవిడకు తెలిసినట్టు నాకు తెలియవు. ఏప్రిల్ నెలాఖరులో మార్కులు వచ్చాయి. 71.

ఇప్పుడు ఏం చెయ్యాలి? 75 అన్నాను, 71 వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. "అన్న మాట అన్నదే. ఇవాళ నాలుగు మార్కులు వదిలేస్తే రేపు పది వదలమంటుంది" అని నా వాదన. "34 నుంచి 71కి వచ్చిన పిల్లకి 4 తక్కువని చెప్పటానికి మీకు నోరెలా వస్తోందండీ?" అని శ్రీమతి. మా అమ్మ మాత్రం, "ఒరే అబ్బాయ్, నువ్వు ఎస్సెల్సీలో లెక్కలు ఎన్నిసార్లు రాశావో పిల్లకి చెప్పమంటావా?" అంది. ఆ దెబ్బతో నేను మెత్తబడ్డాను.

ఈ గొడవంతా తలుపు పక్కనుంచి వింటున్న చిట్టి లోపలికి వెళ్లి నోటు పుస్తకం తెచ్చింది. వెనక అట్ట లోపల పెన్సిలుతో ఒక జాబితా ఉంది. జనవరి నుంచీ రాసుకుంటోందట. మొత్తం 8. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ. గోల్కొండ చప్పట్లు. మామ్మ చూసిన తాబేలు. మెట్రో రైలు. చార్మినారు ఎక్కటం. పడవలో బుద్ధుడి దగ్గరికి వెళ్లటం. నక్షత్రశాల. శంషాబాదులో విమానం దగ్గరగా చూడటం. చివరి నాలుగింటినీ గీత పెట్టి కొట్టేసి ఉంది.

"ఇదేమిటే?"

"నాలుగు మార్కులు తక్కువొచ్చాయి కదా నాన్నా. అందుకని నాలుగు తీసేశాను."

మా శ్రీమతి కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అలా ప్రయాణం ఖాయమైంది. ఇక ఏర్పాట్లు. నాకు ఏదైనా చేస్తే పద్ధతిగా చెయ్యాలని పట్టుదల. ఆ మర్నాడే కూర్చుని, మూడు రోజుల్లో చూడదగిన స్థలాలు 17 రాశాను. ఏ చోట ఎన్ని నిమిషాలో కూడా వేశాను. ప్రతి దాని పక్కన "చరిత్ర", "విజ్ఞానం", "భూగోళం" అని గుర్తులు పెట్టాను. మా శ్రీమతి ఆ కాగితం చదివి, "పిల్లకి ఇది బహుమతా, ఇన్‌స్పెక్షనా?" అని మళ్లీ నా చేతికే ఇచ్చేసింది.

నాకు కష్టం వేసిన మాట నిజం. డబ్బు ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లి, ఒక గంట కొట్టే బొమ్మా, ఒక తాబేలూ చూసి వస్తామా? కాని బహుమతి తనది. జాబితా కూడా తనదే కావాలి కదా. నా 17నీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

మొదటి చిక్కు ఎండ. మే నెలలో గోల్కొండ మెట్ల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతాయి. వానలు వెళ్లి చలి ఇంకా ముదరని నవంబరు మంచిదని తేల్చాం. పెద్దవాళ్లకి ఆరు నెలలు ఒక లెక్క కాదు. తొమ్మిదేళ్ల పిల్లకి అది ఒక యుగం. "నవంబరులో వెడదాం" అనగానే చిట్టి మొహం చిన్నబోయింది. 'తర్వాత' అంటే 'లేదు' అని అర్థం చేసుకునేటంత అనుభవం పిల్లలకి మనమే ఇచ్చాం మరి. అందుకని శ్రీమతి ఒక ఉపాయం చేసింది. గోడ మీది క్యాలెండరులో నవంబరు రెండో శనివారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. పాత బోర్నవిటా డబ్బా మూతకి కన్నం పెట్టి, కూరల మిగులూ, నా కాఫీ హోటలు ఖర్చులో మిగులూ అందులో వెయ్యాలని శాసించింది. నా మిగులు అంత బలవంతపు మిగులు మరొకటి ఉండదు. ప్రతి ఆదివారం చిట్టి డబ్బా బోర్లించి లెక్క పెట్టేది. అది లెక్కలు చెయ్యటమని తనకు తెలియదు, మేం చెప్పలేదు.

ఆ శనివారాన్ని ఎంచుకోవటంలో కూడా కొంత గణితం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జూ పార్కుకి సోమవారం సెలవు. ఇది చూసుకోకుండా వెళ్లి, మూసిన గేటు ముందు పిల్లల్ని ఏడిపించిన వాళ్లని నేనెరుగుదును. శుక్రవారం రాత్రి బండెక్కి, శనివారం మ్యూజియం, ఆదివారం జూ, సోమవారం ఒక రోజు సెలవు పెట్టి గోల్కొండ చూసుకుని, ఆ రాత్రి బండికి తిరుగు ప్రయాణం అనుకున్నాం. రోజుకి ఒక్కటే పెద్ద పని. మిగతా పొద్దు ఎలా గడిస్తే అలాగ.

టిక్కెట్ల దగ్గర రెండో పంచాయితీ. ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషను చేసుకోనిచ్చేవారు. 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గించారు. కనక సెప్టెంబరులో ఆ తేదీ కోసం కాచుకుని కూర్చున్నాం. 5 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకి వేరే బెర్తు అక్కర్లేదంటే సగం చార్జీ. బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ. "సగం టిక్కెట్టు చాలు, నా పక్కన పడుకుంటుంది" అన్నాను. "మీ పక్కన మీరే చాలరు" అని శ్రీమతి. చిట్టి ఏమీ అనలేదు గాని, తన పేరూ వయసూ బెర్తు నంబరూ అచ్చయిన కాగితం చేతికి వచ్చాక దాన్ని పుస్తకంలో నెమలికన్ను దాచినట్టు దాచింది. ఆ మిగిలిన సగం చార్జీ నేను పెట్టిన ఖర్చులన్నింటిలోకీ సార్థకమైనది.

బస ఎక్కడ? ఇక్కడ ప్రతి తెలుగు కుటుంబానికీ ఉన్న ధర్మసంకటమే మాకూ ఉంది. కూకట్‌పల్లిలో మా పెద్దనాన్నగారి అబ్బాయి, దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రీమతి పిన్నిగారు. ఒకరింట్లో దిగితే రెండోవారికి కోపం. ఇద్దరిళ్లకీ వెడితే భోజనాలతోనూ, వీడ్కోలు బొట్లతోనూ మూడు రోజులూ సరి. పిల్లకి బొమ్మ గంట కొట్టేది ఎప్పుడు? గుండె రాయి చేసుకుని సికిందరాబాదు స్టేషను దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. (వేడినీళ్లు ఉన్నాయని చెప్పారు. ఉన్నాయి, కింద వీధిలో టీ కొట్టులో.) తిరిగి వచ్చాక ఇద్దరికీ ఫోను చేసి చెప్పాం. పిన్నిగారు ఇంకా మాట్లాడటం లేదు.

అసలు కష్టం తాబేలుతో వచ్చింది.

మా అమ్మా నాన్నా 1974లో, పెళ్లయిన కొత్తలో, హైదరాబాదు వెళ్లారు. అమ్మకి ఆ ప్రయాణంలో గుర్తున్నది జూ పార్కులో తాబేలొక్కటే. "రోలంత ఉందే. మీ తాతయ్య పిలిస్తే మెడెత్తి చూసింది" అని చిట్టికి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. నాన్న పోయి పదకొండేళ్లయింది. అమ్మ చెప్పే ఆ కథలో ఆయన ఇంకా తాబేలును పిలుస్తూనే ఉంటారు.

నేను ఆ వివరాలు వెతుకుతుంటే పాత వార్త ఒకటి కనబడింది. ఆ జాతి గాలపాగస్ తాబేలు. 1963లో జూ పార్కు తెరిచినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ నుంచి దాన్ని అక్కడికి మార్చారు. 2024 మార్చిలో చనిపోయింది. వయసు సుమారు 125 ఏళ్లు.

పిల్లకి చెప్పాలా, వద్దా? రెండు రోజులు తర్జనభర్జన పడి చెప్పేశాను. జాబితాలోంచి అది కొట్టేసి, కావాలంటే బుద్ధుణ్ణి మళ్లీ చేర్చుకోమన్నాను. చిట్టి చాలాసేపు ఆలోచించింది.

"దానికి తోడు ఎవరూ లేరా నాన్నా?"

"ఇంకొకటి ఉందని రాశారమ్మా. 95 ఏళ్లదట."

"అయితే వెడదాం. అది ఇప్పుడు ఒక్కటే ఉంటుంది కదా." కాస్త ఆగి, "మామ్మకి చెప్పకు" అంది.

నవంబరు వచ్చింది. అమలాపురం నుంచి రాజమండ్రికి బస్సు, అక్కణ్ణుంచి రాత్రి బండి. గోదావరి వంతెన దాటేదాకా పడుకోనని పై బెర్తు మీంచి తల వేలాడేసుకుని కూర్చుంది. రూపాయి నదిలో వేసి దణ్ణం పెట్టి, ఆ రూపాయి ఖర్చు పుస్తకంలో రాసింది. అవును, ఖర్చు పుస్తకం తన దగ్గరే ఉంది. డబ్బాలో పోగైంది తనే లెక్కపెట్టింది కనక, ఖర్చు కూడా తనే రాయాలని వాళ్లమ్మ తీర్మానం.

శనివారం పొద్దున సికిందరాబాదు వెస్ట్‌లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగాం. ఆ లైను 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ఇళ్ల మేడల మీది నీళ్ల ట్యాంకులూ, ఆరేసిన బట్టలూ, గాలిపటాలు చిక్కుకున్న తీగలూ కిటికీలోంచి చూస్తూ, "నాన్నా, మనం ఊరి నెత్తి మీద వెడుతున్నాం" అంది. అక్కణ్ణుంచి ఆటోలో మ్యూజియానికి దగ్గరే.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. అందులో వస్తువులన్నీ చూడాలంటే వారం చాలదు. మా గురి ఒకటే: పన్నెండు గంటలు. గంట కొట్టే బొమ్మ ఒంటిగంటకి ఒక దెబ్బే కొడుతుంది, పన్నెండింటికైతే పన్నెండు కొడుతుంది. పావుగంట ముందే వెళ్లి కూర్చోకపోతే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. ఆ లోపల దోవలో 'ముసుగు రెబెకా' పాలరాతి బొమ్మ దగ్గర నా చరిత్ర ఉపన్యాసం మొదలెట్టబోయాను. చిట్టి, "రాయి కదా నాన్నా, అందులోంచి మొహం ఎలా కనబడుతోంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బెంజోని అనే ఇటలీ శిల్పి చేశాడని మాత్రం చెప్పాను. ఆ పిల్ల అడిగింది అది కాదు.

గడియారం ముందు బెంచీల నిండా జనం. పెద్దా చిన్నా అందరూ మెడలు చాచుకుని ఉన్నారు. చిన్న కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి వేస్తూనే ఉంది. గంట కావటానికి కాస్త ముందు తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికి వచ్చాడు. అందరూ గొంతు కలిపి లెక్కపెట్టారు: ఒకటి, రెండు, మూడు... పన్నెండు కాగానే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. జనం లేచిపోయారు. చిట్టి లేవలేదు.

"మళ్లీ చూద్దాం నాన్నా."

"ఒంటిగంటకి ఒక్క దెబ్బేనే!"

"ఒక్కదానికైనా ఆయన రావాలి కదా."

జేబులో 17 స్థలాల కాగితం గుచ్చుకుంది. గంటసేపు బెంచీ మీద కూర్చోవటమా? కూర్చున్నాం. ఆ గంటలో చిట్టి కమ్మరి సుత్తి దెబ్బలు లెక్కపెడుతూ, నిమిషానికి 60 అయితే గంటకి ఎన్నో వేళ్ల మీద కట్టి 3600 అంది. ఒంటిగంటకి గడ్డపాయన వచ్చి ఒక్కటే కొట్టి వెళ్లాడు. బెంచీల మీద పదిమందిమి ఉన్నాం. "ఇది మన కోసం కొట్టాడు" అంది.

సాయంత్రం శ్రీమతి గాజుల కోసం లాడ్ బజారు. చార్మినారు ఎదుటే ఉంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడానికి మా చిట్టి వీపు తిప్పి నిలబడింది! "అది కొట్టేసిన దాంట్లో ఉంది" అట. "చూడటానికి టిక్కెట్టు లేదే పిచ్చిదానా" అని వాళ్లమ్మ నచ్చజెప్పాక, "సరే, చూడొచ్చు. ఎక్కకూడదు" అని తనే తీర్పు ఇచ్చుకుని అప్పుడు తలెత్తింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడెప్పుడో నోరు జారి అన్న ఒక అంకెను ఆ పిల్ల ఎంత దూరం మోసుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆదివారం జూ పార్కు. 380 ఎకరాలు. నడవలేని వాళ్లకి బ్యాటరీ బళ్లున్నాయి, సిగ్గు పడకుండా ఎక్కాం. పులుల దగ్గర జనం, ఏనుగుల దగ్గర జనం. తాబేళ్ల దగ్గర మేం ముగ్గురమే. ఒక పెద్ద తాబేలు నీడలో రాయిలా పడి ఉంది. చిట్టి చాలాసేపు నిలబడి, ఎవరూ వినకుండా ఏదో పిలిచింది. ఏమని పిలిచిందో చెప్పలేదు. మేం అడగలేదు.

సోమవారం పొద్దున్నే గోల్కొండ. ట్యాంకుబండు మీదుగా వెడుతుంటే హుస్సేన్‌సాగరం మధ్య బుద్ధుడు కనిపించాడు. 1990లో పడవ మీద తరలిస్తుంటే ఆ విగ్రహం సాగరంలో మునిగిపోవటం, రెండేళ్లు నీళ్ల అడుగున ఉండటం, 1992 డిసెంబరు 1న నిలబెట్టటం ఆటోలోనే చెప్పాను. "రెండేళ్లు మునిగి ఉండి కూడా లేచాడా!" అని ఆశ్చర్యపోయింది గాని, పడవ మాట ఎత్తలేదు.

గోల్కొండలో ముఖద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో, కొండ మీది బారాదరిలో వినబడుతుంది. శత్రువు వస్తే పైవాళ్లకి కబురు అందటానికి అలా కట్టారు. ఎక్కాల్సిన మెట్లు 360 వరకూ ఉంటాయి. చిట్టి ఏర్పాటు ప్రకారం తనూ అమ్మా పైకెక్కుతారు, కింద చప్పట్లు కొట్టవలసినవాణ్ణి నేను. కాని అక్కడ వచ్చినవాడల్లా చప్పట్లు కొట్టేవాడే. ఏవి మనవో ఎలా తెలుస్తుంది? దానికీ తను ఆలోచించింది. "ఏడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టు నాన్నా. 71 అని నాకు తెలిసిపోతుంది."

వాళ్లు వెళ్లారు. రామదాసు బందిఖానా దాటి, పైకి చేరినట్టు ఫోనులో చెప్పటానికి ముప్పావుగంట పట్టింది. జనం కాస్త పలచబడేదాకా చూసి, గోపురం కింద నిలబడి ఏడు కొట్టాను. ఆగాను. తర్వాత అయిదు కొట్టాను.

కిందికి దిగి వచ్చేసరికి పిల్ల మొహం ఎర్రగా కందిపోయి ఉంది. రొప్పుతూనే, "వినబడింది నాన్నా! కాని తప్పు కొట్టావు. ఏడూ ఒకటీ కదా, ఏడూ ఐదూ కొట్టావు" అంది.

"తప్పు కాదమ్మా. నా లెక్కలో అంతే."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఆడించింది. "పేపరు దిద్దింది టీచరు కదా నాన్నా." కాని ఆ తర్వాత ఆటో దాకా నా వేలు వదల్లేదు. సాయంత్రం బండికి ఇంకా నాలుగు గంటల టైముంది, పడవెక్కుదామని బతిమాలాను. ఒప్పుకోలేదు. "అవి ఐదో తరగతికి" అంది.

తిరుగు బండిలో పై బెర్తు మీద ఖర్చు పుస్తకం ముగింపు జరిగింది. మొత్తం 9,640 రూపాయలు. 40 రూపాయలు తేడా వచ్చింది. నేను మర్చిపోయానన్నాను. తనే పది నిమిషాలు పెన్సిలు కొరికి, "గోల్కొండ బయట జామకాయలు" అని పట్టేసింది. 17 స్థలాల కాగితం వెనక తెల్లగా ఉందని దాని మీదే కూడికలు వేసింది. పోనీలెండి, ఒక పనికి వచ్చింది.

మర్నాడు ఇంటికి చేరేసరికి మా అమ్మ అరుగు మీదే ఉంది. కాళ్లు కడుక్కోనివ్వకుండా అడిగిన మొదటి మాట తాబేలు గురించే.

"ఉందే? ఇంకా అలాగే ఉందే? మీ తాతయ్య గుర్తున్నాడా దానికి?"

నేను శ్రీమతి మొహం చూశాను. చిట్టి సంచీ కింద పెట్టి, మామ్మ పక్కన చేరగిలబడి కూర్చుంది.

"పిలిస్తే మెడెత్తి చూసింది మామ్మా" అంది.